మ్యూజియం మన పిల్లల్ని పిలిచింది: ఒప్పుకునే ముందు అడగాల్సినవి, ఒప్పుకున్నాక చేయాల్సినవి

మీరు రాసింది ఇది: బర్మింగ్‌హామ్‌లో మీ తెలుగు సంఘం యువజన బృందంలో 15 నుంచి 22 ఏళ్ల మధ్యవాళ్లు పన్నెండు మంది ఉన్నారు. సగం తెలుగు పిల్లలు, మిగతావాళ్లు వాళ్ల స్నేహితులు, అంటే పాకిస్తానీ, సోమాలీ, జమైకన్ కుటుంబాలవాళ్లు. దగ్గర్లోని మ్యూజియం నుంచి మెయిల్ వచ్చింది. జులైలో సౌత్ ఏషియన్ హెరిటేజ్ మంత్‌కి, అంటే దక్షిణాసియా వారసత్వ మాసానికి, ‘ఏదైనా కార్యక్రమం’ చేయమన్నారు. గడువు ఆరు వారాలు. డబ్బు ఊసు లేదు. ఒప్పుకోవాలా, ఒప్పుకుంటే పిల్లలకు నిజంగా పనికొచ్చేలా ఎలా చేయాలి అన్నది మీ ప్రశ్న.

ఈ జులైకి కుదరదని చెప్పండి, కానీ తలుపు మూసేయకండి. ‘అక్టోబరు నుంచి వచ్చే జులై దాకా కలిసి పని చేద్దాం, ముందు మూడు విషయాలు మాట్లాడుకుందాం’ అని జవాబివ్వండి. ఆ మూడూ ఇవి: ఏయే నిర్ణయాలు పిల్లల చేతిలో ఉంటాయి, పిల్లల పనికి ఎవరు ఎంత ఇస్తారు, ప్రాజెక్టు అయ్యాక మ్యూజియంలో వాళ్లకు ఏ దారి ఉంటుంది. థీమ్ ఏమిటి, ఏ డాన్స్, ఎవరు గెస్ట్ లాంటివన్నీ ఆ తర్వాత. వరస తిరగబడిన చోటే ఇలాంటి ప్రాజెక్టులు పాడవుతాయి.

ఆరు వారాల్లో జరిగేది ఏమిటో మీకూ తెలుసు: ఒక కూచిపూడి, ఒక సమోసా స్టాల్, మెహందీ బల్ల, మ్యూజియం సోషల్ మీడియాలో నాలుగు ఫొటోలు. పిల్లలు యువత కాబట్టి, శ్వేతేతరులు కాబట్టి, ఫొటోలో బాగుంటారు కాబట్టి పిలిచినట్టవుతుంది. యునిసెఫ్ కోసం రోజర్ హార్ట్ 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. అందులో కింది మూడు మెట్లను ఆయన భాగస్వామ్యంగానే లెక్కించలేదు: వాడుకోవడం, అలంకరణగా నిలబెట్టడం, పేరుకు చోటివ్వడం. ఆరు వారాల కార్యక్రమం రెండో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మ్యూజియంలో ప్రదర్శనలు చూసుకునే క్యురేటర్‌తో మాట్లాడేటప్పుడు ఆ నిచ్చెన బొమ్మ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టి, ‘ఈ ప్రాజెక్టు ఏ మెట్టు మీద ఉండాలని మీ ఉద్దేశం?’ అని అడగండి. ఆ రంగంలోవాళ్లకు అది తెలిసిన బొమ్మే. మాట సూటిగా సాగుతుంది.

మీ ఊళ్లోనే దీనికి పాఠాలున్నాయి. 2017లో బర్మింగ్‌హామ్ మ్యూజియం అండ్ ఆర్ట్ గ్యాలరీలో ‘ది పాస్ట్ ఈజ్ నౌ’ అనే ప్రదర్శనను బయటి నుంచి వచ్చిన ఆరుగురు శ్వేతేతర మహిళలు మ్యూజియం సిబ్బందితో కలిసి తయారుచేశారు. బ్రిటిష్ సామ్రాజ్యానికీ ఆ నగరానికీ ఉన్న సంబంధాన్ని సూటిగా చెప్పిన ప్రదర్శన అది. ఆ పని తమకు ఎంత భారమైందో వాళ్లలో ఒకరు తర్వాత బహిరంగంగా రాశారు. ఆ తర్వాత, లాటరీ డబ్బుతో వారసత్వ ప్రాజెక్టులకు గ్రాంట్లిచ్చే నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్ ‘కిక్ ద డస్ట్’ అనే పథకంలో దేశమంతా 12 పెద్ద ప్రాజెక్టులకు డబ్బిచ్చింది. వాటిలో బర్మింగ్‌హామ్, దాని పక్కనున్న బ్లాక్ కంట్రీ ప్రాంతంలో నడిచిన ‘డోంట్ సెటిల్’ పూర్తిగా 16–25 ఏళ్ల శ్వేతేతర యువత కోసమే. మాంచెస్టర్ మ్యూజియం, గ్లాస్గో లైఫ్, బ్రిటిష్ కౌన్సిల్ కలిసి దక్షిణాసియా మూలాలున్న యువతతో ఇంకొకటి నడిపాయి. మాంచెస్టర్‌లో 2023 ఫిబ్రవరిలో తెరిచిన సౌత్ ఏషియా గ్యాలరీని స్థానికులు ముప్పై మంది దాకా ఒక సమూహంగా కూర్చుని రూపొందించారు. అంటే మీరు అడగబోయేది వింత కోరిక కాదు. ఈ దేశంలో ఇప్పటికే జరిగింది. ‘మాకు అలవాటు లేదు’ అని మ్యూజియం అంటే ఈ పేర్లు చెప్పండి.

నిర్ణయాల సంగతి కాగితం మీదే ఉండాలి. రెండు పేజీల ఒప్పందం చాలు, లాయర్ అక్కర్లేదు. కానీ ‘యువత అభిప్రాయాలకు ప్రాధాన్యం ఇస్తాం’ లాంటి వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు, దానికి అర్థమే లేదు. విషయాలను పేరుపేరునా రాయండి. ఏ వస్తువులు ప్రదర్శించాలి: పిల్లలు ఎంచుతారు. వస్తువులు పాడవకుండా చూసే కన్జర్వేటర్ మాత్రమే కాదనగలరు, అది కూడా వస్తువు దెబ్బతింటుందన్న కారణంతోనే. లేబుల్ రాత: పిల్లలది. మ్యూజియం ఎడిట్ చేయొచ్చు, కానీ బృందం ఒప్పుకోకుండా మార్పు అచ్చుకు వెళ్లదు. పోస్టర్ మీద ఎవరి ఫొటో: ఫొటోలో ఉన్నవాళ్లే చెప్పాలి. ప్రెస్‌తో ఎవరు మాట్లాడతారు, బడ్జెట్‌లో మెటీరియల్స్ డబ్బు ఎలా ఖర్చవుతుంది, ఇవన్నీ ఒక్కో వాక్యం. ఇన్సూరెన్స్, ఫైర్ సేఫ్టీ, తెరిచే వేళలు మ్యూజియంవి. వాటిని కూడా రాసేయండి. ఏది తమ చేతిలో లేదో ముందే తెలిస్తే పిల్లలు అర్థం చేసుకుంటారు. మార్చి నెలలో తెలిస్తే మోసపోయామనుకుంటారు, అది న్యాయమే.

లేబుల్ దగ్గరే గొడవ వస్తుందని ముందే అనుకోండి. సాధారణంగా ఒక్కో లేబుల్‌కి 60 నుంచి 70 ఇంగ్లిష్ పదాల చోటు ఉంటుంది. పిల్లలు ‘దోచుకెళ్లారు’ అని రాస్తారు, ఎడిట్ అయ్యేసరికి అది ‘సేకరించారు’ అవుతుంది. ఒక్కోసారి మ్యూజియం చెప్పేదీ సబబే, ఆ వస్తువు నిజంగా కొన్నదే కావచ్చు. అందుకని ఒప్పందంలో ఇలా పెట్టుకోండి: ప్రతి వివాదాస్పద పదానికి రికార్డు చూపించాలి, ఇరువైపులా. రికార్డు ఉన్నా పట్టు వీడకపోతే రెండు లేబుళ్లూ పక్కపక్కనే, ఎవరు రాశారో పేరుతో సహా పెట్టాలి. ఈ వాక్యం లేకపోతే ప్రారంభానికి వారం ముందు రాత్రి తొమ్మిదింటికి ఫైనల్ డిజైన్ మెయిల్ వస్తుంది, అప్పటికి మార్చడానికి టైమ్ ఉండదు. డిజైన్ ఫైల్ ప్రింటర్‌కి వెళ్లే తేదీకి మూడు వారాల ముందు పిల్లల ఆమోదం తీసుకోవాలని తేదీ వేసి రాయండి.

ఇక డబ్బు. ఎక్కువమంది తెలుగు సంఘాలవాళ్లు ఇక్కడ మొహమాటపడతారు. ‘సేవ కదా, పిల్లలకు సీవీలో పనికొస్తుంది’ అంటారు. ఉచితంగా పని చేయగలిగేది శనివారం పార్ట్‌టైమ్ ఉద్యోగం అవసరం లేని పిల్లలే. జీతం లేని చోట మీకు మిగిలేది డాక్టర్ల, ఐటీవాళ్ల పిల్లలు మాత్రమే. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసే తల్లి కూతురు మూడో వారానికి రావడం మానేస్తుంది, కారణం కూడా చెప్పదు. యూకే మ్యూజియం ఉద్యోగాల్లో శ్వేతేతరులు తక్కువగా ఉండడానికి ఒక పెద్ద కారణం ఇదే: మొదటి మెట్టు చాలాసార్లు జీతం లేనిదే.

2026 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం కనీస వేతనం గంటకు 21 దాటినవాళ్లకు 12.71 పౌండ్లు, 18–20కి 10.85, 16–17కి 8 పౌండ్లు. ఒకే బల్ల మీద ఒకే పని చేసేవాళ్లకు వయసును బట్టి వేరే రేటు ఇస్తే బృందం విరిగిపోతుంది. అందరికీ రియల్ లివింగ్ వేజ్, అంటే బతుకు ఖర్చును బట్టి లెక్కగట్టిన వేతనం, ఇవ్వండి. లండన్ బయట అది ఇప్పుడు 13.45 పౌండ్లు. మీ సంఘం పేరోల్ పెట్టుకునే తలనొప్పి వద్దు, మ్యూజియం తన క్యాజువల్ స్టాఫ్ పేరోల్‌లో వేసుకోవాలి. స్కూల్ వయసు దాటనివాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవాలంటే కౌన్సిల్ నుంచి చైల్డ్ ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో స్కూల్ వయసు ముగిసేది 16 నిండే విద్యాసంవత్సరంలో జూన్ చివరి శుక్రవారం నాడు.

మధ్యేమార్గంగా కొందరు ‘వాలంటీర్లకు రోజుకు 30 పౌండ్లు’ అని ఇస్తారు. ఇది చాలా ప్రమాదం. నిజంగా అయిన ఖర్చు తిరిగి ఇస్తే వాలంటీర్. ఖర్చుతో సంబంధం లేకుండా రోజుకింత అని ఇస్తే చట్టం దృష్టిలో అతను పనివాడు కావచ్చు, అప్పుడు కనీస వేతనం అడిగే హక్కు వస్తుంది. వాలంటీరైతే బస్ టికెట్, భోజనం రసీదులు. పనైతే జీతం. మధ్యలో ఏదీ పెట్టకండి.

మీ బృందంలో 18 దాటినవాళ్లలో ఎవరైనా ఇండియా నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్లుంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. అంటే ఫ్రీలాన్స్ ఆర్టిస్ట్‌గా ఇన్‌వాయిస్ రాసి ఫీజు తీసుకోకూడదు, వంద పౌండ్లైనా సరే. వృత్తి కళాకారులుగా ప్రదర్శన ఇవ్వడానికీ లేదు. పేరోల్ మీద ఉద్యోగిగా తీసుకోవచ్చు, డిగ్రీ స్థాయి విద్యార్థికి టర్మ్ జరిగేటప్పుడు వారానికి 20 గంటల పరిమితి, అతని మిగతా పార్ట్‌టైమ్ గంటలు కూడా కలిపే. ఈ ముక్క తెలియక ‘మన కుర్రాడే కదా, బాగా డప్పు కొడతాడు, రెండు వందలిద్దాం’ అనుకుంటే అతని వీసాకే ముప్పు. సొంతంగా యూనివర్సల్ క్రెడిట్ (ప్రభుత్వం ఇచ్చే భృతి) తీసుకుంటున్నవాళ్లుంటే ఈ జీతం అందులో లెక్కకొస్తుందని ముందే చెప్పండి.

పన్నెండు మందికి, తొమ్మిది నెలలకు లెక్క ఇలా వేసుకోవచ్చు. కోఆర్డినేటర్ 60 రోజులు, రోజుకు 180 పౌండ్ల చొప్పున 10,800. ఆర్టిస్ట్ 12 సెషన్లు, ఒక్కోటి 250, మొత్తం 3,000. పిల్లల జీతాలు ఒక్కొక్కరికి 30 గంటలు, 13.45 చొప్పున 4,842. ప్రయాణాలు 15 సార్లు, మనిషికి 8 పౌండ్లు, అంటే 1,440. భోజనం 15 సెషన్లకు 90 చొప్పున 1,350. ఇన్సూరెన్స్, సేఫ్‌గార్డింగ్ (పిల్లల భద్రత) శిక్షణ 600. ప్రదర్శన తయారీ, ప్రింటింగ్ 2,500. మూల్యాంకనం 1,200. ఇవన్నీ కలిపితే 25,732. దాని మీద అనుకోని ఖర్చులకు 1,300 వేస్తే 27,000 చిల్లర. జీతాలు తీసేసి 22 వేలకు కుదించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తగ్గించాల్సి వస్తే ప్రదర్శన తయారీలో తగ్గించండి, ఖరీదైన ఫ్రేముల కోసం ఎవరూ రారు.

ఈ మొత్తానికి సరిపోయే చోటు నేషనల్ లాటరీ హెరిటేజ్ ఫండ్. 10,000 నుంచి 2,50,000 పౌండ్ల గ్రాంట్లకు చివరి తేదీ అంటూ ఉండదు, పూర్తి దరఖాస్తు అందిన 8 వారాల్లో నిర్ణయం చెబుతారు. దరఖాస్తుకు ముందు ‘ప్రాజెక్ట్ ఎంక్వైరీ’ అనే చిన్న ఫారం పంపితే వాళ్ల ఉద్యోగి సలహా ఇస్తారు. తప్పనిసరి కాదు కానీ వదులుకోకండి. మీ సంఘానికి రాతపూర్వక నిబంధనావళి, సంఘం పేరున బ్యాంకు ఖాతా, కమిటీలో ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరైనా ఉండాలి. మన సంఘాల్లో ప్రెసిడెంటు, ట్రెజరర్ భార్యాభర్తలైన సందర్భాలు తక్కువేం కాదు, ముందే సరిచూసుకోండి. నిర్ణయం రాకముందు పెట్టిన ఖర్చు ఇవ్వరు. అక్టోబరులో మొదలుపెట్టాలంటే జూన్ చివరికల్లా దరఖాస్తు వెళ్లాలి. లక్ష పౌండ్ల లోపు గ్రాంట్‌లో సగం ముందు ఇస్తారు, అందులో ఎక్కువ భాగం ఖర్చయ్యాక 40 శాతం, మిగిలిన 10 శాతం అంతా అయిపోయి రిపోర్టు ఇచ్చాక. అంటే 27 వేలలో 2,700 పౌండ్లు చివర్లో మీ చేతి నుంచి తిరగాలి. ఆ మాత్రం నిల్వ లేకపోతే మ్యూజియాన్నే ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టండి, కానీ అప్పుడు పిల్లల జీతం లైన్‌ను మ్యూజియం తగ్గించకూడదని ఒప్పందంలో రాయించుకోండి. ఇంకొకటి, మత ప్రచారానికి ఈ డబ్బు వాడకూడదు. బతుకమ్మ పాటల చరిత్ర, పూలు, ఆడవాళ్ల జ్ఞాపకాలు వారసత్వం కిందికి వస్తాయి. పూజ సామగ్రి బిల్లు రాదు.

అసలు పనికి వద్దాం. పిల్లలకు ఏం చూపించాలి?

మీ ఊరి మ్యూజియం అండ్ ఆర్ట్ గ్యాలరీలోనే సుల్తాన్‌గంజ్ బుద్ధుడున్నాడు. రాగి విగ్రహం, సుమారు 2.3 మీటర్ల ఎత్తు, అర టన్ను బరువు. 1861లో బిహార్‌లో రైల్వే పనుల కోసం తవ్వుతుంటే దొరికింది. బర్మింగ్‌హామ్ మాజీ మేయర్, పరిశ్రమ యజమాని శామ్యూల్ థార్న్‌టన్ రవాణాకు 200 పౌండ్లిచ్చి తెప్పించి నగరానికి కానుకగా ఇచ్చాడు. మొదటి సెషన్‌కి ఇంతకంటే మంచి వస్తువు లేదు. పద్ధతి ఇది: పిల్లల్ని విగ్రహం ముందు కూర్చోబెట్టి లేబుల్ మీద కాగితం అడ్డం పెట్టండి. ఇరవై నిమిషాలు మాట్లాడకుండా పెన్సిల్‌తో గీయాలి. గీత వచ్చినా రాకపోయినా ఫరవాలేదు. కుడిచేయి ఎలా ఉంది, బట్ట ఒంటికి ఎలా అంటుకుంది, ఎక్కడ అతుకుంది, ఎక్కడ విరిగింది అన్నది గీసే చేతికి తెలుస్తుంది, ఊరికే చూసే కంటికి తెలియదు. తర్వాత ప్రశ్నలు రాయించండి. అప్పుడు లేబుల్ తెరిచి, తమ ప్రశ్నల్లో దేనికి జవాబుందో, దేనికి లేదో గీత పెట్టమనండి. ‘తవ్విన కూలీలు ఎవరు?’ అనే ప్రశ్న ఎవరో ఒకరు తప్పక రాస్తారు. ప్రాజెక్టు అక్కడ మొదలవుతుంది.

ఒకసారి లండన్ తీసుకెళ్లగలిగితే బ్రిటిష్ మ్యూజియం 33ఏ గదిలో అమరావతి శిల్పాలు. వెళ్లే ముందు ఆ గది తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. ‘మార్బుల్స్’ అని పిలుస్తారు కానీ అది పల్నాటి సున్నపురాయి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో అమరావతి స్తూపం దిబ్బను చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించాడు. రాళ్లు మద్రాసు చేరి, అక్కడ ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. అందులో ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉంది: ముందు స్తూపం, వెనక అంతకు కొన్ని వందల ఏళ్ల ముందు చెక్కిన బోధివృక్ష పూజ. పాత రాయిని తిప్పి మళ్లీ వాడుకున్నారు. మెకంజీకి శాసనాలు చదివిపెట్టి, ఊరూరా తిరిగి సమాచారం కూర్చింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వాళ్ల పేరు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని పిల్లలనే వెతకమనండి. తెలుగు పిల్లలకు ఇది గట్టిగా తగులుతుంది.

మిగతా పిల్లల మాటేమిటి అని మీరు అడగకపోయినా నేను చెప్పాలి. బృందంలో జమైకన్ కుర్రాడు అమరావతి ముందు అతిథిలా నిలబడితే మీరు మ్యూజియం చేసిన పనే చేసినట్టు. అందరినీ కలిపే దారం ఉంది, అది బట్ట. కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన నూలుబట్టలు యూరప్‌లో ఎంత ఆడాయంటే 1721లో బ్రిటన్ పార్లమెంటు అద్దకపు నూలుబట్టలు కట్టుకోవడాన్నే చాలావరకు నిషేధించింది. 1774 దాకా ఆ చట్టం పోలేదు. అదే కాలంలో భారతీయ నూలుబట్టలను పశ్చిమాఫ్రికా తీరానికి తీసుకెళ్లి, వాటికి మారుగా మనుషుల్ని కొని కరీబియన్ తోటలకు అమ్మారు. ఆ వ్యాపారానికి తుపాకులు చేసిచ్చింది బర్మింగ్‌హామ్. హ్యాండ్స్‌వర్త్‌లోని సోహో హౌస్ యజమాని మాథ్యూ బౌల్టన్ కంపెనీ ఆవిరి యంత్రాలు కరీబియన్ చెరకు తోటలకూ వెళ్లాయి. గోడ మీద పెద్ద ప్రపంచ పటం అంటించి, మచిలీపట్నం, పశ్చిమాఫ్రికా తీరం, జమైకా, బర్మింగ్‌హామ్ మధ్య దారాలు కట్టండి. తమ తాతముత్తాతలు ఒకే లెక్కల పుస్తకంలో ఉన్నారని పిల్లలకు కళ్లముందే కనిపిస్తుంది.

ఆ బట్టను దగ్గరగా చూడడానికి తూర్పు లండన్‌లో 2025 మేలో తెరిచిన వీ అండ్ ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్ (విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వస్తువుల గోదాం) మంచి చోటు. ‘ఆర్డర్ యాన్ ఆబ్జెక్ట్’ అనే ఉచిత సేవలో ఐదు వస్తువుల దాకా ఎంచుకుని, కనీసం రెండు వారాల ముందు బుక్ చేస్తే బల్ల మీద పెట్టి చూపిస్తారు. బృందంగా వెళ్తే విడిగా మాట్లాడుకోవాలి. పెన్సిల్ తప్ప పెన్ను వద్దు, ఫ్లాష్ వద్దు, నీళ్ల సీసా బయట. వెలుతురు మందంగా ఉందని పిల్లలు విసుక్కుంటారు. అద్దకపు రంగు వెలిసిపోకుండా బట్టలకు వెలుతురును 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర ఆపుతారని ముందే చెప్పండి. ఎరుపు చూడమనండి: ముందు కరక్కాయ, గేదెపాలలో నానబెట్టిన బట్ట మీద పటిక నీళ్లతో గీసి, తర్వాత చిరివేరు రసంలో ఉడికిస్తే, పటిక ఉన్న చోటే రంగు పడుతుంది. మూడొందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఎరుపు నిలిచి ఉండడానికి కారణం ఆ పటికే. కెమిస్ట్రీ ఏ-లెవల్ (మన ఇంటర్ లాంటిది) చదివే పిల్ల ఈ బల్ల దగ్గర నుంచి కదలదు.

ఎవరి వారసత్వం అన్నది మన ఇంట్లో కూడా అడగాల్సిన ప్రశ్న. విదేశాల్లో తెలుగు సంఘాల వేదిక మీద కూచిపూడి, అన్నమయ్య కీర్తన ఉంటాయి. డప్పు, ఒగ్గుకథ, చిందు యక్షగానం చాలా అరుదు. మ్యూజియం తెల్లవాళ్ల చరిత్రే చెబుతోందని నిలదీసే మనం, మనలో కొన్ని కులాల కళనే తెలుగు కళగా చూపిస్తే పిల్లలు అది గమనిస్తారు. కులం అడగకండి, బయటపెట్టమని ఎవరినీ నొక్కకండి. కళారూపాల జాబితా తయారుచేసేటప్పుడు మాత్రం వేదిక ఎక్కనివాటిని పని గట్టుకుని చేర్చండి.

పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేయాలనుకుంటే, నలుగురైదుగురు చాలు. ఇరవై ఇంటర్వ్యూలు చేసి ఒక్కటీ పూర్తి చేయలేక చేతులెత్తేసిన ప్రాజెక్టులు ఎక్కువ. డబ్ల్యూఏవీ ఫార్మాట్, 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్. మోనోలో గంటకు అర జీబీ అవుతుంది. కాలర్ మైక్ వాడండి, ఫ్రిజ్ ఆపండి, వంటగదికి దూరంగా కూర్చోండి. గంట మాటలు అక్షరం పొల్లు పోకుండా ఎత్తి రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి మార్చాలంటే దాదాపు ఇంకా అంత. దానికి బదులు ప్రతి ఐదు నిమిషాలకు ఏం మాట్లాడారో సారాంశం రాసి, ముఖ్యమైన పది నిమిషాలు మాత్రం పూర్తిగా రాయండి. కాపీరైట్ మాట్లాడిన మనిషిదీ, రికార్డు చేసినవాళ్లదీ కూడా. కాబట్టి ఇద్దరి సంతకాలూ ఉన్న ఫారం లేకపోతే ఆర్కైవ్ తీసుకోదు. సంతకం రికార్డింగ్ అయ్యాక పెట్టించండి, ఏం చెప్పారో వాళ్లకు అప్పుడే తెలుస్తుంది. పెద్దాయనకు ఫారం తెలుగులో చదివి వినిపించాలి.

సెషన్ల టైమింగ్: అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకు రెండు శనివారాలు, రెండున్నర గంటలు. ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటిది), ఏ-లెవల్ చదువులు, పరీక్షలు, ఎవర్నీ పిలవకండి. ప్రదర్శన జులైలో. రంజాన్ నెల ముందే చూసుకుని ఆ వారాల్లో భోజనం పెట్టే వేళ మార్చండి. భోజనం హలాల్, శాకాహారం రెండూ, పిజ్జా ప్రతిసారీ వద్దు. ప్రయాణ ఖర్చు ‘రసీదు తెస్తే ఇస్తాం’ అంటే కుదరదు, ముందే డే టికెట్ చేతిలో పెట్టాలి. మొదటి రోజుకు ముందే మ్యూజియం గార్డులకు, రిసెప్షన్‌కు పిల్లల రాక గురించి చెప్పించండి, వీలైతే వాళ్లను ఒక సెషన్‌లో కూర్చోబెట్టండి. హుడీ వేసుకున్న నల్లజాతి కుర్రాడి వెంట గార్డు గ్యాలరీ అంతా నడిస్తే, లోపల మీరు ఎంత గొప్ప సెషన్ నడిపినా అతను తిరిగి రాడు.

సేఫ్‌గార్డింగ్ విషయంలో మీ బృందానికి ప్రత్యేకమైన చిక్కు వయసుల కలయిక. 22 ఏళ్లవాళ్లు, 15 ఏళ్లవాళ్లు ఒకే గదిలో. 18 దాటినవాళ్లు బృంద సభ్యులే అయినా చిన్నవాళ్ల విషయంలో పెద్దవాళ్ల కింద లెక్క. విడిగా మెసేజ్‌లు వద్దు, అన్నీ గ్రూప్‌లోనే, కోఆర్డినేటర్ ఉన్న గ్రూప్‌లోనే. 13–18 వయసుకు ప్రతి పది మందికి ఒక పెద్ద ఉండాలని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌ఎస్‌పీసీసీ సూచన, కానీ ఎప్పుడూ ఇద్దరికి తగ్గకండి. పిల్లలతో క్రమం తప్పకుండా పనిచేసే కోఆర్డినేటర్‌కి, ఆర్టిస్ట్‌కి ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ చెక్ (నేర చరిత్ర తనిఖీ) చేయించండి. వాలంటీర్లకు దానికి ప్రభుత్వ ఫీజు లేదు. స్కూల్ వయసు పిల్లలు టికెట్ పెట్టిన కార్యక్రమంలో ప్రదర్శన ఇస్తుంటే లైసెన్స్ కావాలో అక్కర్లేదో కౌన్సిల్‌ను అడగండి, కావాలంటే కనీసం 21 రోజుల ముందు దరఖాస్తు వెళ్లాలి.

బానిసత్వం, వలస పాలన మీద పనిచేసే గదిలో ఎవరో ఒకరికి దుఃఖమో కోపమో వస్తుంది. పక్కన ఖాళీ గది, అందులో కూర్చోడానికి ఒక మనిషి ముందే ఉండాలి. ‘మీకు ఎదురైన జాతివివక్ష గురించి చెప్పండి’ అని పిల్లల్ని ఎవరూ అడగకూడదు, మ్యూజియం వీడియో టీమ్ అసలే అడగకూడదు. వాళ్లకై వాళ్లు చెబితే వినండి, కెమెరా ఆపి. ఫొటోల అనుమతికి గడువు పెట్టండి, రెండేళ్లు చాలు. లేకపోతే పదిహేనేళ్లప్పటి మొహం ఇరవై అయిదేళ్లకు కూడా వాళ్ల వార్షిక నివేదికల్లో తిరుగుతూనే ఉంటుంది.

తల్లిదండ్రులతో సెప్టెంబరులోనే ఒక సాయంత్రం కూర్చోండి. ‘చదువు పాడవుతుంది’ అంటారు. గంటల లెక్క, పరీక్షల విరామం కాగితం మీద చూపించండి. 2026 ప్రవేశాల నుంచి యూకాస్ (యూనివర్సిటీ ప్రవేశాల దరఖాస్తు) పర్సనల్ స్టేట్‌మెంట్‌లో మూడు ప్రశ్నలుంటాయి, మూడోది చదువు బయట ఏం చేశావు, అది ఎలా పనికొచ్చింది అన్నది. మెడిసిన్ రాసే పిల్లకైనా ఈ పని అక్కడ కూర్చుంటుంది. మ్యూజియం ఉద్యోగమంటే క్యురేటర్ ఒక్కటే కాదని కూడా చెప్పండి: కన్జర్వేటర్‌కి కెమిస్ట్రీ కావాలి, వస్తువుల పత్రాలు, రాకపోకలు చూసే రిజిస్ట్రార్‌కి లా పనికొస్తుంది, డిజిటల్ టీమ్‌కి కోడింగ్ కావాలి. మొదట్లో జీతాలు తక్కువని దాచకండి.

చివరి షరతు, అయ్యాక ఏమిటన్నది. మ్యూజియం నుంచి రాతలో అడగాల్సినవి: కనీసం ఇద్దరికి మరుసటి ఏడాది జీతంతో క్యాజువల్ పని, ప్రతి ఒక్కరికీ పేరుతో రిఫరెన్స్ లెటర్, కొత్త ప్రదర్శనల సలహా సమావేశాల్లో బృందానికి రెండు కుర్చీలు, గంటల లెక్కన డబ్బుతో. మ్యూజియం రంగంలో పనిచేసే శ్వేతేతరుల నెట్‌వర్క్ మ్యూజియం డిటాక్స్‌ను 18 దాటినవాళ్లకు పరిచయం చేయండి. బోర్డు సంగతి కూడా అడగండి. ఇంగ్లండ్‌లో చారిటబుల్ కంపెనీ లేదా సీఐఓ (చారిటీల కోసమే ఉన్న నమోదు రూపం) రూపంలో ఉన్న సంస్థలో 16 ఏళ్లకే ట్రస్టీ కావచ్చు, మిగతా రకాల్లో 18. ఆ మ్యూజియం ఏ రకమో చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. మీ సంఘం ఏ రకమో కూడా అక్కడే చూడండి, ఎందుకంటే మ్యూజియాన్ని అడిగే ముందు మీ కమిటీలో ఒక పదిహేడేళ్ల పిల్లకు కుర్చీ వేయడం మీ చేతిలో ఉన్న పని.